సువాసన గుళికలు నిజంగా క్షీణిస్తాయా? పరీక్ష సీసాలో ఏం వేశారో ముందు అడగాలి

ఉతికి మడతపెట్టిన తువ్వాలుతో నాలుగు రోజుల తర్వాత ముఖం తుడుచుకుంటే, అప్పుడే సెంటు చల్లినట్టు వాసన గుప్పుమంటుంది. సెంటు నూనెలకు సహజంగా అంత ఓపిక ఉండదు. ఉతికేటప్పుడు కొంత నీళ్లతో పోతుంది, ఆరేటప్పుడు కొంత గాలికి పోతుంది. వాటిని అన్ని రోజులు పట్టి ఉంచేవి కంటికి ఆనని పాలిమర్ మైక్రోక్యాప్సూల్స్, అంటే ప్లాస్టిక్ లాంటి పదార్థంతో కట్టిన సూక్ష్మ గుళికలు. లోపల నూనె, చుట్టూ పల్చటి గోడ. బట్టను రుద్దినప్పుడు గోడ పగిలి నూనె బయటికి వస్తుంది.

ఈ గుళికల వ్యాసం మామూలుగా పది నుంచి ముప్ఫై మైక్రాన్లు ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఇరవై మైక్రాన్ల గుళికలు ఒక గ్రాము తీసుకుంటే లెక్క ప్రకారం వాటి సంఖ్య దాదాపు 24 కోట్లు. గోడ మందం ఎంత అంటే, ఒక మైక్రాన్‌లో ఐదో వంతు ఉన్నా సరిపోతుంది. అంత పల్చటిది కాబట్టి గుళిక బరువులో గోడ వాటా చాలా తక్కువ, చాలా రకాల్లో ఐదు నుంచి పదిహేను శాతం మధ్య. మిగతాదంతా నూనే. ఈ నిష్పత్తిని గుర్తుపెట్టుకోండి, ముందు ముందు చిక్కంతా దీని దగ్గరే వస్తుంది.

పరిమళం మన ముక్కు దాకా వచ్చింది సరే, పగిలిన గోడ ఎక్కడికి పోయింది? బట్టకు అంటుకున్నది కొంత తర్వాతి ఉతుకులో పోతుంది. అసలు బట్టకు అంటుకోకుండానే చాలా గుళికలు నీళ్లతో పాటు డ్రైనేజీలోకి పోతాయి. మురుగు శుద్ధి కేంద్రం ఉన్నచోట వీటిలో ఎక్కువ భాగం బురదలో చిక్కుకుంటుంది. ఆ బురదను ఎరువుగా పొలాల్లో చల్లే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. చిక్కనిది నదికి, అక్కణ్నుంచి సముద్రానికి చేరుతుంది. చేరాక దాన్ని సూక్ష్మజీవులు తినేస్తే గొడవ లేదు. తినలేకపోతే అది మైక్రోప్లాస్టిక్. ఒకసారి చెదిరిపోయాక ఏరి వెనక్కి తెచ్చుకోవడం ఎవరివల్లా కాదు.

యూరోపియన్ యూనియన్ ఈ విషయాన్ని చట్టంలోకి తెచ్చింది. రసాయనాలపై అక్కడున్న రీచ్ చట్టం కింద 2023 సెప్టెంబరులో 2023/2055 నంబరు నిబంధనను ఆమోదించారు. అది అదే ఏడాది అక్టోబరు 17న అమల్లోకి వచ్చింది. ఉత్పత్తుల్లో కావాలని కలిపే ఐదు మిల్లీమీటర్లలోపు సింథటిక్ పాలిమర్ కణాల మీద ఈ నిషేధం. పరిమళపు గుళికలకు 2029 అక్టోబరు 17 వరకు గడువిచ్చారు. సూక్ష్మజీవులు తమను నిజంగా జీర్ణం చేసుకోగలవని నిరూపించుకున్న పాలిమర్లకు మాత్రం నిషేధం వర్తించదు. ఎలా నిరూపించుకోవాలో అదే నిబంధన అనుబంధంలో రాశారు. దాంతో ఒకప్పుడు పరిశోధనశాలకే పరిమితమైన పరీక్ష ఇప్పుడు ఒక ఉత్పత్తి మార్కెట్లో ఉండాలో వద్దో తేల్చేదిగా మారింది.

గోడ ఎందుకు అంత మొండిది?

గుళికల టెక్నాలజీ కొత్తదేమీ కాదు. 1950లలో నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీ కార్బన్ అవసరం లేని కాపీ కాగితం కోసం దీన్ని వాడుకలోకి తెచ్చింది. పెన్ను ఒత్తిడికి గుళికలు పగిలి, లోపలి రంగు పదార్థం బయటికొచ్చి కింది కాగితం మీద అక్షరం పడేది. అప్పట్లో గోడకు వాడింది జెలటిన్. దాన్ని తినే సూక్ష్మజీవులు ఎక్కడ చూసినా ఉంటాయి.

కాగితం మీద పనికొచ్చిన జెలటిన్ గోడ డిటర్జెంట్లో నిలవడం కష్టం. బట్టల సబ్బు ద్రవంలో, సాఫ్ట్‌నర్‌లో సర్ఫెక్టెంట్లు దండిగా ఉంటాయి. నూనెను ఎక్కడున్నా లాగేయడమే వాటి పని. షాపులో, ఇంట్లో నెలల తరబడి వాటి మధ్యనే ఉండి కూడా గుళిక కారకూడదు. అందుకే తయారీదారులు మెలమైన్ ఫార్మాల్డిహైడ్, పాలీయూరియా, పాలీయూరిథేన్, పాలీఅక్రిలేట్ వైపు వెళ్లారు. ఇవి గట్టిగా క్రాస్‌లింక్ అయిన వలలు, అంటే గొలుసులన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. నూనె అణువే దూరలేని ఆ సందుల్లోకి, దానికన్నా ఎన్నో రెట్లు పెద్దదైన ఎంజైము దూరడం ఇంకా కష్టం. దూరినా తెంచడానికి తగిన బంధం ఉండాలి. ఎస్టర్ బంధాన్ని లైపేజులు, క్యూటినేజులు తెంచగలవు. ప్రొటీన్లలోని అమైడ్ బంధాన్ని ప్రోటియేజులు తెంచుతాయి. పిండి పదార్థాల బంధాలకు వేరే ఎంజైములున్నాయి. అక్రిలేట్ వెన్నెముకలోని కార్బన్–కార్బన్ బంధం, మెలమైన్ వలయం, పాలీయూరియాలోని యూరియా బంధం దగ్గరికి వచ్చేసరికి సూక్ష్మజీవులకు పని చాలా కష్టమవుతుంది.

ఇక్కడున్న వైరుధ్యం చిన్నది కాదు. సీసాలో రెండేళ్లు చెక్కుచెదరకూడదు, నదిలో పడ్డాక కొన్ని వారాల్లో క్షీణించాలి. ఈ రెండూ ఒకే గోడ చేయాలి. పాలీఎస్టర్ బంధాలున్న గోడలు, జెలటిన్, కైటోసాన్ లాంటి వాటిని కాస్త తక్కువ క్రాస్‌లింక్‌తో కట్టిన గోడలు ఇప్పుడు ఈ దారిలో వస్తున్నాయి. క్రాస్‌లింక్ పెంచితే గుళిక కారదు, కానీ క్షీణించడం నెమ్మదిస్తుంది. తగ్గిస్తే రెండూ తారుమారవుతాయి. సహజ పదార్థంతో చేశామన్న మాట ఒక్కటే ఇక్కడ చెల్లదు. ఐసోసయనేట్ అనే రసాయనంతో బిగించిన జెలటిన్ ఇక మామూలు జెలటిన్ కాదు. అది కూడా పరీక్షకు కూర్చోవాల్సిందే.

పరీక్షలో జరిగేది ఏమిటి?

గుళిక కనపడకుండా పోవడం రుజువు కాదు. ముక్కలై, ఇంకా చిన్న ముక్కలై మైక్రోస్కోపుకు కూడా అందకుండా పోవచ్చు. అలాంటప్పుడు సమస్య తీరలేదు, చిన్నదై ఇంకా దూరం వ్యాపించింది. అందుకని పరీక్ష చూసేది కార్బన్‌ను. పాలిమర్‌లోని కార్బన్ సూక్ష్మజీవి ఒంట్లోకి వెళ్లి, శ్వాస ద్వారా కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి రావాలి. దాన్నే మినరలైజేషన్ అంటారు.

ఎక్కువగా వాడేది ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ రాసిన 301 వరుసలోని పరీక్షలు. 301బి పద్ధతిలో వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి కొలుస్తారు. 301ఎఫ్‌లో మూత బిగించిన సీసాలో సూక్ష్మజీవులు వాడుకున్న ఆక్సిజన్‌ను కొలుస్తారు. వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను క్షారం పీల్చేసుకుంటుంది కాబట్టి, ఆక్సిజన్ ఖర్చయ్యేకొద్దీ సీసాలో పీడనం పడిపోతుంది, ఆ తగ్గుదలే లెక్క. రెండింట్లోనూ ఖనిజ లవణాల నీళ్లు, మురుగు శుద్ధి కేంద్రం నుంచి తెచ్చిన కాస్త బురద ఉంటాయి. తినడానికి పరీక్షించే పదార్థం తప్ప వేరే కార్బన్ ఉండదు. చీకట్లో, ఇరవై రెండు డిగ్రీల సెల్సియస్ దగ్గర 28 రోజులు ఉంచుతారు. ఆ వ్యవధిలో సిద్ధాంత ప్రకారం రావాల్సిన దానిలో 60 శాతం వస్తే పాస్. మిగతా 40 శాతం ఏమైందని అనుమానం రావచ్చు. తిన్న కార్బన్ అంతా శ్వాసలోకే పోదు, కొంత సూక్ష్మజీవుల శరీరంగా మారుతుంది. అందుకే గీత నూరు దగ్గర గీయలేదు.

అదే వరుసలోని 301ఎ, 301ఇ పరీక్షలు నీళ్లలో కరిగిన కార్బన్ తగ్గుదలను చూస్తాయి. గుళికలకు అవి పనికిరావు. కరగని కణం సీసా అడుగున కూర్చున్నా, బురదకు అంటుకున్నా నీళ్లలో కార్బన్ ఉండదు. కాబట్టి ఏమీ క్షీణించకుండానే మంచి ఫలితం వచ్చినట్టు కనిపిస్తుంది.

ప్రతి పరీక్షకూ తోడుగా మరికొన్ని సీసాలు నడుస్తాయి. ఒకదాంట్లో బురద మాత్రమే ఉంటుంది. అది ఊరికే పీల్చే ఆక్సిజన్‌ను అసలు లెక్కలోంచి తీసేయాలి. ఇంకోదాంట్లో సోడియం బెంజోయేట్ లాంటి తేలిగ్గా క్షీణించే పదార్థం వేస్తారు. అది పద్నాలుగు రోజుల్లో 60 శాతం దాటకపోతే బురదకే సత్తువ లేదని అర్థం, పరీక్ష మొత్తం చెల్లదు. మూడోదాంట్లో ఆ పదార్థాన్నీ గుళికనూ కలిపి వేస్తారు. సువాసన గుళికల విషయంలో నేను ముందు చూడమనేది ఈ మూడో సీసానే. యూజినాల్, సిట్రాల్ లాంటి పరిమళ పదార్థాలకు సూక్ష్మజీవుల్ని అణిచే గుణం ఉంది. కలిపి వేసిన సీసాలో పద్నాలుగు రోజులకు 25 శాతం కూడా రాకపోతే, మనం వేసింది బురదను దెబ్బతీసిందని భావించాలి. అప్పుడు ఫెయిలైంది గోడ అని చెప్పలేం.

నూనె చేసే మోసం

ఇప్పుడు ఆ నిష్పత్తి దగ్గరికి వద్దాం. గుళికను ఉన్నది ఉన్నట్టుగా సీసాలో వేశారనుకుందాం. లెక్క తేలికవడానికి కార్బన్‌లో పది శాతం గోడది, తొంభై శాతం నూనెది అనుకుందాం. నూనెలో 70 శాతం క్షీణించి, గోడ అసలు చెక్కుచెదరకపోతే మొత్తం ఫలితం 63 శాతం. పాస్! గుడ్డులో సొన ఖాళీ అయిందని చూపించి పెంకు కూడా అరిగిపోయిందని చెప్పడం లాంటిది ఇది. నీళ్లలోకి వెళ్లేది ఆ పెంకే కాబట్టి, ఈ 63 శాతానికి ఏ విలువా లేదు.

దీనికి ఎదురు తప్పు కూడా జరగొచ్చు. గెలాక్సొలైడ్ లాంటి కొన్ని మస్క్ (కస్తూరి వాసన) పదార్థాలు ఈ పరీక్షల్లో తొందరగా క్షీణించవు. అవి లోపల దండిగా ఉంటే మంచి గోడ కూడా ఫెయిలైనట్టు కనిపిస్తుంది. ఎటు చూసినా నూనె ఉన్నంతసేపు గోడ గురించి ఏమీ తెలియదు.

కాబట్టి నూనె తీసేయాలి. గుళికల్ని పగలగొట్టి, ద్రావణాలతో మళ్లీ మళ్లీ కడిగి, ఆరబెట్టి, ఉత్తి గోడను తీయాలి. చెప్పినంత సులువు కాదిది. క్రాస్‌లింక్ అయిన వల నూనెను స్పంజిలా పట్టి ఉంచుతుంది. పైగా ఎంత మిగిలిందన్నది మామూలు బరువు లెక్కతో చూస్తే మోసపోతాం. లినలూల్ అనే బాగా వాడే పరిమళ పదార్థాన్నే తీసుకుందాం. దాని ఫార్ములా ప్రకారం ఒక గ్రాము పూర్తిగా ఆక్సీకరణం చెందడానికి దాదాపు 2.90 గ్రాముల ఆక్సిజన్ కావాలి. సెల్యులోజ్ లాంటి గోడ పదార్థానికి 1.18 గ్రాములు చాలు. కడిగిన గోడలో బరువుకి పది శాతం లినలూల్ మిగిలిపోయింది, ల్యాబు మాత్రం సీసాలో ఉన్నదంతా గోడే అనుకుని లెక్క వేసింది అనుకుందాం. లినలూల్ 70 శాతం క్షీణిస్తే, గోడ 48 శాతం క్షీణించినా నివేదికలో 60 దాటుతుంది. పదో వంతు మురికి పన్నెండు శాతం మార్కులు కలిపింది. అందుకే కడిగాక మిగిలిన నూనె ఎంతో గ్యాస్ క్రొమటోగ్రఫీతోనో, వేడిచేస్తూ బరువు తగ్గుదలను చూసే థర్మోగ్రావిమెట్రీతోనో కొలిచి, ఆ అంకెను నివేదికలో రాయాలి. కడగడానికి వాడిన ద్రావణానికీ ఇదే వర్తిస్తుంది. ఇథనాల్‌ను సూక్ష్మజీవులు ఆత్రంగా తింటాయి.

గుళికలు ఫ్యాక్టరీ నుంచి పొడిగా రావు. నీళ్లలో తేలే చిక్కటి స్లర్రీగా వస్తాయి. ఆ స్లర్రీలో గుళికలు ఒకదానికొకటి అంటుకోకుండా పాలీవినైల్ ఆల్కహాల్, గమ్ అరబిక్ లాంటివి, అడుగుకు దిగకుండా జాంథాన్ గమ్ లాంటివి కలుపుతారు. వీటిలో జిగుర్లు చాలా తేలిగ్గా క్షీణిస్తాయి. గోడ మొండిదైనా ఇవి ఫలితాన్ని పైకి తోస్తాయి. అలాగని అన్నింటినీ కడిగేయడమూ పూర్తిగా న్యాయం కాదు. గోడ ఏర్పడేటప్పుడు కొంత పాలీవినైల్ ఆల్కహాల్ దాంట్లోనే కలిసిపోతుంది, అది గోడలో భాగమే. ఎక్కడిదాకా కడగాలి అన్నదానికి అందరికీ పనికొచ్చే ఒకే జవాబు లేదు. ఏ దశలో ఏమి పోయిందో రాసి చూపించడమే నిజాయితీ.

కడిగి ఎండబెట్టాక గోడ ముక్కలు అట్టలు కడతాయి. సూక్ష్మజీవి తినేది పైతలాన్నే కాబట్టి, అట్ట కట్టిన నమూనా అన్యాయంగా నెమ్మదిస్తుంది. అట్టను పోగొట్టడానికి చలిలో గడ్డకట్టించి పిండిలా రుబ్బితే, అసలు గుళికకు లేనంత పైతలం వచ్చి ఫలితం అన్యాయంగా పెరుగుతుంది. యూరోపియన్ నిబంధన ఈ ప్రమాదాన్ని గుర్తించింది. పరీక్షించే పదార్థం కూర్పులో, రూపంలో, పరిమాణంలో, పైతలంలో అసలు కణాన్ని పోలి ఉండాలని చెప్పింది. లోపలి నూనె బదులు గాజు లాంటి నిర్జీవ పదార్థం మీద అంతే మందంగా గోడను పూసి పరీక్షించే దారి కూడా ఇచ్చింది. ఆలోచన బాగుంది. అయితే నూనె చుక్క ఉపరితలం మీద పెరిగే గోడ, గాజు మీద పెరిగే గోడ రసాయనికంగా ఒకటేనని కూడా చూపించాలి.

నా దృష్టిలో ఉన్నవాటిలో అన్నిటికన్నా శుభ్రమైన జవాబు రేడియోధార్మిక కార్బన్-14. గోడ తయారీకి వాడే మోనోమర్‌లోనే, అంటే పాలిమర్ గొలుసులోని చిన్న ముడిసరుకు అణువులోనే, ఆ కార్బన్‌ను పెడితే, బయటికొచ్చిన రేడియోధార్మిక కార్బన్ డయాక్సైడ్ గోడదే అవుతుంది. నూనె ఉన్నా, జిగురు ఉన్నా ఫర్వాలేదు. గుళికను పగలగొట్టాల్సిన పనే లేదు. ఖర్చు ఎక్కువ, ప్రత్యేక ల్యాబు కావాలి, లేబుల్ వేసిన మోనోమర్‌తో గుళికను మళ్లీ మొదటినుంచి చేయాలి. అయినా కొత్త రకం గోడ వచ్చినప్పుడు కనీసం ఒక్కసారైనా ఈ పని చేసి, మామూలు పద్ధతి ఫలితంతో పోల్చి చూడాలనే నేనంటాను.

ఆక్సిజన్ కొలిచే పద్ధతిలో ఇంకో చిక్కు నైట్రోజన్. జెలటిన్‌లో, పాలీయూరియాలో, మెలమైన్‌లో నైట్రోజన్ ఉంటుంది. అది అమోనియాగా విడుదలైతే బురదలోని వేరే బాక్టీరియా దాన్ని నైట్రేట్‌గా మార్చడానికి కూడా ఆక్సిజన్ వాడుకుంటాయి. చివర్లో నైట్రేట్, నైట్రైట్ కొలిచి ఆ వాటా తీసేయకపోతే అదీ గోడ ఖాతాలోనే పడుతుంది. కార్బన్ డయాక్సైడ్ కొలిచే 301బిలో ఈ బెడద లేదు.

గీత ఎక్కడ ఆగింది?

చివరి అంకె కన్నా రోజువారీ గ్రాఫ్ ఎక్కువ చెబుతుంది. గోడ సగం ప్రొటీన్, సగం పాలీయూరియా అనుకోండి. ప్రొటీన్ మొదటి పది రోజుల్లో కరిగిపోయి, గ్రాఫ్ 45 దగ్గర ఉన్నట్టుండి ఆగి అడ్డంగా సాగితే, రెండో సగాన్ని ఎవరూ ముట్టుకోలేదని అనుమానించాలి. అదే 28వ రోజున కూడా గ్రాఫ్ నెమ్మదిగా ఎక్కుతూనే ఉంటే అది వేరే సంగతి. దానికి ఇంకా సమయం కావాలి. ఇబ్బందికరమైనది ఈ రెండింటికీ మధ్యలో ఉన్నది. ప్రొటీన్ 70 శాతం, పాలీయూరియా 30 శాతం ఉన్న గోడ గ్రాఫ్ 62 దగ్గర ఆగిందనుకుందాం. 60 శాతం గీత దాటింది. మిగిలిన 38 శాతం సూక్ష్మజీవుల శరీరమా, ముట్టుకోని ప్లాస్టికా? ఆ అంకె ఈ ప్రశ్నకు జవాబివ్వదు. సీసా అడుగున మిగిలినదాన్ని తీసి, ఏ పదార్థమో గుర్తుపట్టే ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రమో, పైరోలిసిస్ క్రొమటోగ్రఫీనో చేసి చూస్తేనే తెలుస్తుంది. గోడలో ఒకటికి మించి పాలిమర్లు ఉన్నప్పుడు సగటు అంకెతో సరిపెట్టడం నాకు న్యాయంగా అనిపించదు.

28 రోజుల పరీక్షలో ఫెయిలైనంత మాత్రాన గోడ చెడ్డదని తీర్మానించకూడదు. అది కావాలనే కఠినంగా పెట్టిన పరీక్ష. బురద తక్కువ, ముందుగా అలవాటు చేసిన సూక్ష్మజీవులు ఉండవు. ఒక ఊరి బురదలో పాసైనది ఇంకో ఊరి బురదలో ఆగిపోవడం కూడా మామూలే. అందుకే నిబంధన పరీక్షల్ని ఐదు గుంపులుగా పెట్టింది. మొదటిది 28 రోజులది. రెండోది అదే పరీక్షను 60 రోజులకు పొడిగించినది, సముద్రపు నీటి పరీక్ష కూడా ఇందులోనే ఉంది. మూడోదాంట్లో బురద ఎక్కువ వేస్తారు. నాలుగోది ప్లాస్టిక్కుల కోసం తయారైన ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) పరీక్షలు. వీటిలో సెల్యులోజ్ లాంటి పోలిక పదార్థంతో చూస్తే 90 శాతం క్షీణించాలి, నెలలు పడుతుంది. ఐదోది నీరు, అడుగు మట్టి, నేలల్లో సగం తరిగిపోవడానికి పట్టే కాలాన్ని కొలుస్తుంది. మొదటి మూడు గుంపుల్లో ఒక్క పరీక్ష పాసైతే చాలు. నాలుగు, ఐదు గుంపులకు వెళ్తే నీరు, అడుగు మట్టి, నేల మూడింట్లోనూ నెగ్గాలి. పరీక్ష చేసే ల్యాబు గుడ్ ల్యాబొరేటరీ ప్రాక్టీస్ పాటించాలి లేదా ఐఎస్ఓ 17025 గుర్తింపు పొంది ఉండాలి.

కార్బన్ లేని పాలిమర్లకు ఈ నిబంధన వర్తించదు. అందుకే కొందరు తయారీదారులు సిలికా గోడల వైపు చూస్తున్నారు. సిలికాను సూక్ష్మజీవులు తినవు, అది ఖనిజం కాబట్టి ఆ పరీక్ష దానికి అర్థం లేనిది. అయితే సిలికా గోడకు బిగువు కోసం సేంద్రియ పాలిమర్ పూత వేస్తే, ఆ పూత మళ్లీ ఈ లెక్కలన్నిటి కిందికీ వస్తుంది. ఉత్పత్తిని మార్కెట్లోకి తెచ్చేవాళ్లు తమ గుళికను క్షీణించేదని చెప్పి నిషేధం నుంచి మినహాయించుకుంటే, యూరప్‌లో అధికారులు అడిగినప్పుడు రుజువు చూపించాలి. ఆ కాగితాల్లో 60 శాతం అనే అంకె కోసం వెతికే ముందు, నమూనాను తయారుచేసిన విధానం రాసిన పేజీ తెరవాలి. గోడలో మిగిలిన నూనె శాతం ఆ పేజీలో లేకపోతే, తర్వాతి పేజీల్లోని గ్రాఫులు గోడవో నూనెవో ఎవరూ చెప్పలేరు.